ఈఎంటీల ఆన్‌లైన్ కోర్సు: కేసు పాఠాలు భేష్, సీపీఆర్ దగ్గరే ఇబ్బంది

ప్రైవేటు అంబులెన్స్‌లో ఈఎంటీగా, అంటే రోగికి అత్యవసర చికిత్స అందించే టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఈ కోర్సులో నాకు బాగా నచ్చినవి కేసు పాఠాలు. ఛాతీనొప్పి రోగి స్క్రీన్ మీద ఉంటాడు. బీపీ, ఈసీజీ చూసి తర్వాత ఏం చేయాలో మనమే ఎంచుకోవాలి. తప్పు ఎంచుకుంటే అతని పరిస్థితి దిగజారుతుంది, ఎందుకో అక్కడే వివరిస్తారు. వీడియోలు డౌన్‌లోడ్ అవుతాయి కాబట్టి నైట్ డ్యూటీలో కాల్స్ మధ్య కూడా చూసుకోవచ్చు.

సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే పద్ధతి) పాఠం మాత్రం ఒప్పుకోలేను. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలని చెబుతారు. నిజమే. కానీ ఆ లోతు చేతికి తెలియాలంటే మానికిన్ (శిక్షణకు వాడే మనిషి బొమ్మ) మీద చెమట పట్టేదాకా సాధన చేయాలి. ఇక్కడ క్విజ్ పాసైతే చాలు, సర్టిఫికెట్ వచ్చేస్తుంది. ప్రాణాలతో పని కదా, ఇది సరికాదు. పైగా అంతా ఇంగ్లీషే. చేరేముందు ప్రాక్టికల్ క్లాసులు ఉన్నాయో లేదో తప్పకుండా అడగండి.