నాడ్ ఎలుకా, ఎస్‌టీజెడ్ ఎలుకా: ఏది మేలు?

"అన్నా, నాడ్ తెప్పించాలా, ఎస్‌టీజెడ్ ఇస్తే సరిపోతుందా?" టైప్ 1 డయాబెటిస్ మీద పని మొదలుపెట్టే జూనియర్లలో ఇది అడగనివాళ్లు లేరు. నాడ్ అంటే తనంతట తానే ఈ జబ్బు తెచ్చుకునే చిట్టెలుక జాతి. ఎస్‌టీజెడ్ (స్ట్రెప్టోజోటోసిన్) అంటే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని దెబ్బతీసి జబ్బు తెప్పించే మందు. మొన్న మా కొత్త ప్రాజెక్టుకి నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

ఎస్‌టీజెడ్‌తో పని త్వరగా అవుతుంది. ఐదు రోజులు వరసగా కిలోకి 40-50 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే రెండు మూడు వారాల్లో షుగర్ ఎక్కేస్తుంది. ల్యాబుల్లో మామూలుగా వాడే బ్లాక్ 6 జాతి మగ చిట్టెలుకలు చాలు. మన నాకౌట్లు (ఏదో ఒక జన్యువు పనిచేయకుండా చేసిన ఎలుకలు) ఎక్కువగా ఆ జాతివే కాబట్టి అదీ కలిసొస్తుంది. చిక్కంతా మందు కలపడంలోనే. సిట్రేట్ బఫర్ పీహెచ్ 4.5 దగ్గర ఉండాలి, కలిపిన వెంటనే ఎక్కించాలి. నేనోసారి ముందే కలిపేసి, తీరిగ్గా ఎలుకల బరువులు తూస్తూ కూర్చున్నాను. చివరి కేజ్‌లో ఒక్కదానికీ షుగర్ రాలేదు.

నాడ్‌కి ఓపిక కావాలి. జపాన్‌లోని షియోనోగి ల్యాబుల్లో మాకినో బృందం తయారుచేసి 1980లో ప్రకటించిన జాతి ఇది. ఆడవాటిలో నూటికి 60-80కి 30 వారాల్లోపు జబ్బు వస్తుంది, మగవాటిలో చాలా తక్కువ. పదో వారం నుంచి వారం వారం తోక కొసన గుచ్చి చుక్క రక్తం స్ట్రిప్ మీద చూడాలి. వరసగా రెండుసార్లు షుగర్ 250 దాటితేనే లెక్క. పైగా ఎనిమల్ హౌస్ ఎంత శుభ్రంగా ఉంటే జబ్బు అంత ఎక్కువ, అదో తమాషా.

అయినా టైప్ 1లో బీటా కణాల్ని చంపేది టీ కణాలనే మన రోగనిరోధక కణాలే కాబట్టి నాకు ముఖ్యం ఒక్కటే: టీ కణాలు లేకపోతే జబ్బు ఆగుతుందా, లేదా? నాడ్‌లో ఆగుతుంది. టీ, బీ కణాలు లేని నాడ్-సిడ్‌కి డయాబెటిస్ రాదు. జబ్బు పడ్డ నాడ్ ప్లీహం నుంచి కణాలు తీసి దానికి ఎక్కిస్తే వస్తుంది. అదే నాడ్-సిడ్‌కి ఎస్‌టీజెడ్ తక్కువ డోసుల్లో ఇచ్చి 1994లో చూశారు. లింఫోసైట్లు (ఆ టీ, బీ కణాలు) లేకుండానే షుగర్ ఎక్కింది! అంటే మందే నేరుగా బీటా కణాల్ని చంపగలదు. మామూలు ఎలుకల్లో రోగనిరోధక కణాలు కూడా వచ్చి చేరతాయి, కాదనను. కానీ మంట చూసి పరిగెత్తుకొచ్చిన జనాన్ని పట్టుకుని ఇల్లు తగలబెట్టింది వీళ్లేనంటే ఎలా?

ఎనిమిది వారాల నాడ్ క్లోమం స్లైడు ఒకటి చూడండి. గులాబీరంగు ఐలెట్ (బీటా కణాలుండే గుత్తి) అంచున ఊదా చుక్కలు గుంపుగా ఉంటాయి. అవే ఆ రోగనిరోధక కణాలు. చాలాచోట్ల ఇంకా లోపలికి దూరి ఉండవు, షుగర్ నార్మల్‌గానే ఉంటుంది. అడ్డుకోవడానికి దొరికే ఇంత పెద్ద వ్యవధి ఎస్‌టీజెడ్‌లో లేదు.

నాడ్‌లో పనిచేసిన మందులు మనుషుల్లో చతికిలపడ్డాయని అంటారు. చాలావాటి విషయంలో నిజమే. కానీ 1994లో పారిస్‌లో షటెనూ బృందం కొత్తగా జబ్బు పడ్డ నాడ్‌లకి యాంటీ-సీడీ3 (టీ కణాల మీద పనిచేసే యాంటీబాడీ) ఇచ్చి షుగర్‌ని మామూలుకి తెచ్చింది. అదే కోవకి చెందిన టెప్లిజుమాబ్‌కి 2022 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

పెద్దెలుకలే కావాలంటే బీబీ జాతి ఉంది. వైరస్ కోణమైతే బీటా కణాల్లో వైరస్ ప్రోటీన్ ఉండేలా చేసిన రిప్-ఎల్‌సీఎంవీ చిట్టెలుకల్ని చూడొచ్చు.

బీటా కణాల్ని కాపాడే మందు మీదే మీ పనైతే ఎస్‌టీజెడ్ చాలు, టెన్షన్ వద్దు. మాది సీడీ8 కణాల (టీ కణాల్లో ఒక రకం) పని కాబట్టి ఆడ నాడ్‌లే తెప్పించాం. ఇప్పుడు పదకొండో వారం. ఇంకా ఒక్కదానికీ రాలేదు.