తేట చెరువులో కొర్రమీనుకి ఫ్లోరోకార్బన్ లీడర్: నాలుగేళ్లు వాడాక

మాది శ్రీకాకుళం జిల్లా, మెళియాపుట్టి వైపు కొండ కింద ఊరు. ఐదేళ్ల కిందటిదాకా మా చెరువులో కొర్రమీను పట్టడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. గుర్రపుడెక్క మీద కప్ప లూర్ (కప్పలా ఉండే ఉత్తుత్తి ఎర) విసిరి లాక్కుంటూ వస్తే ఎక్కడో ఒకచోట ఢామ్మని కొట్టేది. లావు బ్రెయిడ్ (పోగులు అల్లిన) దారం, గట్టి రాడ్, అంతే. తర్వాత పూడిక తీశారు. డెక్క పోయింది, తామర పోయింది, గట్టు వారన తుంగ కూడా మిగల్లేదు. మరుసటేడు గెడ్డ (కొండవాగు) నీళ్లు నిండి, బురద అడుక్కి దిగిపోయింది. కార్తీకం వచ్చేసరికి స్నానాల రేవులో నిలబడితే నీళ్లలో నాలుగో మెట్టు పక్కనున్న గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు. చూడ్డానికి ఎంత బాగుంటుందో, గాలం వేసేవాడికి అంత కష్టం.

ఆ ఏడాది ఒక పొద్దున నా కళ్లముందే జరిగింది. కప్పని మెల్లగా లాగుతున్నాను. వెనకాల నల్లగా మూరెడు నీడ కదిలింది. కొర్రమీనే. రెండు బారల దూరం కప్ప వెంటే వచ్చింది. ముక్కు ఆనేంత దగ్గరికొచ్చి ఆగింది. రెక్కలు మాత్రం ఆడుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టాను. అది కప్పని కాదు, కప్ప ముందున్న ఆకుపచ్చ దారాన్ని చూస్తున్నట్టు అనిపించింది. ఒక్కసారి తల తిప్పి లోతుకి దిగిపోయింది. వారంలో అలా నాలుగైదు చేపలు వెనక్కి పోయాయి. అప్పుడు కొన్నాను ఈ ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ దారం చుట్ట. లీడర్ అంటే అసలు దారానికీ ఎరకీ మధ్య కట్టే దారం ముక్క.

ఇది మన ఊళ్లలో పుట్టిన పద్ధతి కాదు. అమెరికాలో బాస్ అనే చేపని చూపుతో వేటాడే చేపగానే లెక్కేస్తారు. నాచూ దుంగలూ లేని తేట చెరువుల్లో దానికి సన్నదారం, చిన్న ఎర, దూరం విసురు, ఈ మూడూ కావాలంటారు. కొర్రమీను బాస్‌కి చుట్టం కాదు. దీనికి గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిన అవసరం కూడా ఉంది. కానీ నీళ్లు తేటపడ్డాక అదీ చూసే ఎర తీసుకుంటుంది, అనుమానపడుతుంది. ఆ మూడు మాటలూ మా చెరువులో అక్షరాలా పనికొచ్చాయి.

ఫ్లోరోకార్బన్ నీళ్లలో పూర్తిగా మాయమైపోతుందని అమ్మేవాళ్లు చెప్తారు, అంత నమ్మకండి. కాంతి వంగే లెక్కలో నీటిది 1.33, ఫ్లోరోకార్బన్‌ది సుమారు 1.42, నైలాన్‌ది 1.5 పైన. నీటి అంకెకి ఎంత దగ్గరైతే అంత తక్కువ కనబడుతుంది. అంటే నైలాన్ కంటే నీళ్లలో బాగా కలిసిపోతుంది, అంతే. నాకు అంతకంటే ఉపయోగపడిన గుణం ఇంకోటుంది. ఇది మునుగుతుంది. బ్రెయిడ్ నీటిమీద తేలి గీత గీసినట్టు కనబడుతుంది. లీడర్ మాత్రం ఎరతో పాటు కిందికి దిగిపోతుంది కాబట్టి, ఎర దగ్గర నీటిమీద గీత ఉండదు.

నా అమరిక ఇది: 7 అడుగుల స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీల్, అందులో 0.165 మిల్లీమీటర్ల బ్రెయిడ్, చివర 10 పౌన్ల బరువు ఆపే లీడర్ రెండు బారలు. ఎరగా 3 అంగుళాల రబ్బరు చేప, 3 గ్రాముల జిగ్ తల (గుండు తలున్న గాలం). రంగు మట్టిరంగో, లేత బూడిదో. ఎండలో వెండి మెరుపులవి పెడితే చేప బెదిరి పక్కకి పోతుంది. మా చెరువులో పరిగె చేపలు ఆ మట్టిరంగులోనే ఉంటాయి మరి. డెక్క ఉన్న చెరువుకి మాత్రం ఈ సరంజామా తీసుకెళ్లకండి. చేప డెక్కలో దూరిందంటే 10 పౌన్ల దారంతో బయటికి లాగలేం.

మొదటి రెండు నెలలు నిజానికి తిట్టుకున్నాను. చేప తగలడం, రాడ్ వంగడం, ఫట్‌మని తెగడం. దారం నాసిరకమనుకున్నాను. తెగిన కొస వెలుతురులో పెట్టి చూస్తే చివర అరంగుళం తెల్లగా పొడిబారి, పందిపిల్ల తోకలా మెలితిరిగి ఉంది. తెగింది దారం బలం చాలక కాదు, ముడి బిగించేటప్పుడు రాపిడి వేడికి కాలి. ఫ్లోరోకార్బన్ ముడిని పొడిగా బిగించకూడదు. నోట్లో పెట్టి ఉమ్మితో బాగా తడిపి, మెల్లగా, ఒకే వరసలో లాగాలి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే విప్పేసి మళ్లీ కట్టాలి. బ్రెయిడ్‌కి కలపడానికి నేను డబుల్ యూని ముడే వేస్తాను. ఎఫ్‌జీ ముడి సన్నగా వస్తుంది, రాడ్ రింగుల్లోంచి గీరుకోకుండా జారుతుంది, నిజమే. కానీ తెల్లారుజామున టార్చి వెలుగులో నావల్ల కాదు. అప్పట్నుంచి ముడి దగ్గర తెగడం దాదాపు ఆగిపోయింది.

ఇంత చేసినా మూడో నెలదాకా చేపలు అంతంతమాత్రమే. ఒకరోజు మత్స్యకార సంఘంలో వల వేసే తాత గట్టు మీద కాసేపు నన్ను చూసి, "బాబూ, నీ నీడ నీల్లలో పడతంది. దారం మార్సితే ఏటవుద్ది? సేప నిన్నే సూసేసినాది. కూకో" అన్నాడు. కూర్చున్నాను. గట్టు అంచుకి ఆరడుగులు వెనక్కి జరిగి, ఎండ ఎదురుగా ఉండేలా చూసుకుని, మోకాళ్ల మీద ఉండి విసరడం మొదలుపెట్టాను. ఆ వారం మూడు పడ్డాయి. నీళ్లలోంచి చేపకి పైలోకం ఒక గుండ్రటి కిటికీలోంచి కనబడుతుంది. నీటికి దగ్గరగా, వంగి ఉన్నవాడు ఆ కిటికీ అంచున నలిగిపోతాడు. నిటారుగా నిలబడితే నిలువెత్తునా కనబడతాడు. తాత ఆ లెక్కలు చదవలేదు, అరవయ్యేళ్లు చెరువు చూశాడు. లీడర్ గురించి రాస్తూ ఈ సంగతి వదిలేస్తే అన్యాయం.

నాచు లేని చెరువులో చేప ఎక్కడుంటుందని చాలామంది అడుగుతారు. మా దాంట్లో మదుము (తూము) రాళ్ల దగ్గర, పడమటి గట్టు తాటిచెట్ల నీడలో, పూడిక తీసినప్పుడు గట్టిగా తవ్విన కాలువ అంచున. ఎర్రటి ఎండలో ఎక్కడా ఉండదనుకోండి. తెల్లారకముందు గంట, పొద్దువాలాక అరగంట. గాలి వేసి నీళ్ల మీద చిరు అలలు లేచిందంటే మధ్యాహ్నమైనా వదలను, ఆ అలలే మనకి ముసుగు వేస్తాయి. గాలి పీల్చడానికి పైకొచ్చి గుటుక్కుమన్న చోట నెత్తిమీద విసరొద్దు. అది పోయే దిక్కు చూసి రెండు బారల ముందు వేసి, ఎరని అడుక్కి దిగనిచ్చి, తర్వాత కదపాలి.

లోపాలు చెప్పాలి. ఈ దారం బిరుసు. చుట్టలోంచి తీసినప్పుడు స్ప్రింగులా లేస్తుంది, రెండు చేతులతో సాగదీసి వాడాలి. కొర్రమీను పళ్లకి గరుకెక్కుతుంది. ప్రతి చేప తర్వాత చివరి జానెడు మీద గోరు రాసి చూస్తాను, గరుకు తగిలితే కోసేస్తాను. అలా చూడడానికి బద్ధకించి రెండు మంచి చేపలు పోగొట్టుకున్నాను. ఖరీదూ ఎక్కువే, 50 మీటర్ల చుట్టకి నాకు 700 రూపాయలు పడింది. కాకపోతే నైలాన్‌లా నీళ్లు పీల్చి మెత్తబడదు, ఎండకీ త్వరగా చెడదు. ఒక చుట్ట ఏడాది పైగా వస్తోంది.

చెరువు మత్స్యకార సంఘానిది. వాళ్లని అడిగి, పట్టింది చూపించి తెచ్చుకుంటాను. వానాకాలంలో నీటిమీద ఎర్రగా పిల్లల గుంపు కనబడితే ఆ వైపు విసరను. తల్లీ తండ్రీ కింద కాపలా ఉంటాయి, అప్పుడు దేనిమీదకైనా దూకుతాయి, పట్టడం సులువే. వాటిని తీసేస్తే ఆ పిల్లలు జిలేబీ చేపలకీ కొంగలకీ పోతాయి.

మొన్న నాలుగో చుట్ట తెచ్చాను. ఒకసారి 8 పౌన్లది కూడా ప్రయత్నించాను. ఎర తీసుకోవడంలో తేడా కనబడలేదు, మదుము రాళ్లకి రాసుకుని తెగడం మాత్రం ఎక్కువైంది. మా చెరువుకి 10 పౌన్లదే సరి.