జాగ్రత్త: ‘సముద్రం మధ్య ఏకాంత ద్వీపం’ అంటూ తడ దగ్గర బస అమ్ముతున్నారు

వేసవి సెలవులకు రద్దీ లేని సముద్రతీరం కోసం వెతుకుతున్న నెల్లూరు వాసులు, ఎవరికైనా అడ్వాన్సు పంపే ముందు ఈ నాలుగు మాటలు చదవవలసిందిగా మనవి. మే నెల రెండవ వారంలో మా కుటుంబమూ, మా బావమరిది కుటుంబమూ కలిసి తొమ్మిదిమందిమి, ఫోనులో కనిపించిన ఒక ప్రకటనను నమ్మి, రెండు రాత్రుల బసకు 18,000 రూపాయలు మాట్లాడుకొని, అందులో 12,000 ముందే యూపీఐ ద్వారా చెల్లించాము. ప్రకటనలో తెల్లని ఇసుక, నీలి కెరటాలు, కొబ్బరిచెట్ల నీడన కుటీరాలు ఉన్నాయి. ద్వీపం పేరు ఇరకం అని రాశారు.

ఇరకం నిజంగానే ఉన్నది. అది తడ మండలంలో, పులికాట్ సరస్సు నడుమ జనం కాపురముంటున్న దీవి. భీములవారిపాలెం రేవు నుంచి పడవ మీద వెళ్లాలి. అయితే మన పెద్దలు ప్రళయకావేరి అని పిలిచిన ఆ నీరు సముద్రం కాదు. దానికీ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట అడ్డంగా పడుకొని ఉన్నది, అక్కడ రాకెట్ కేంద్రం ఉండడం వల్ల అనుమతి లేనివారిని అటు పోనివ్వరు. కాబట్టి ‘దీవికి అవతలి వైపున మీకోసమే ఒక బీచి’ అన్న వాగ్దానం ఏ కాలంలోనూ నెరవేరేది కాదు. ఫోనులోనే పటం తెరిచి ఉంటే నిమిషంలో తేలిపోయే సంగతి ఇది. చూడకపోవడం మా తెలివితక్కువతనం.

కాలం విషయంలోనూ మోసపోయాము. పులికాట్ నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలతో. ఫ్లెమింగోలు కనువిందు చేసేదీ ఆ చలికాలంలోనే. మే నెలకు నీరు బాగా తీసిపోతుంది. మా పడవ రెండుసార్లు బురదలో కూరుకుపోగా, పడవాయన దిగి నెట్టుకుంటూ, “సముద్రం యాడుంది సార్ ఈడ? ఇది చెరువే గదా” అన్నాడు. ఆయన తప్పు ఏమీ లేదు, ఆయనకు ముట్టినది పడవ బాడుగ మాత్రమే. తొమ్మిదిమందికి నాలుగే లైఫ్ జాకెట్లు ఇచ్చారు, వాటిలో ఒకదానికి పట్టీ తెగిపోయి ఉన్నది. ఇక కుటీరాలు అన్నవి రేకుల కింద రెండు గదులు. ఫ్యాను తిరగదు, తాగేందుకు నీళ్లు లేవు. పిల్లలు ఎండకు సొమ్మసిల్లే స్థితికి రావడంతో ఆ సాయంత్రమే తిరిగి వచ్చేశాము.

డబ్బు అడిగితే ‘వాపసు నిబంధన లేదు’ అన్నారు, తరువాత ఫోను ఎత్తడం మానేశారు. వారం తిరగకముందే ప్రకటనలోని బొమ్మలు మారిపోయాయి. అదృష్టవశాత్తు మా మరదలు మొదటి రోజే స్క్రీన్‌షాట్లు తీసి ఉంచింది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసినప్పుడు అవే మాకు ఆధారమయ్యాయి. మీరు బుక్ చేసుకోదలిస్తే, బస ఉన్న చోటు లొకేషను, ఆ రోజే తీసిన వీడియో, ఒక్కొక్కరికి ఒక లైఫ్ జాకెట్టు ఉంటుందన్న హామీ, వాపసు షరతు, ఇవన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. బేరం మొత్తంలో నాలుగో వంతుకు మించి ముందుగా ఇవ్వకండి.

నిజమైన కెరటాలే కావాలంటే మైపాడు, కొత్తకోడూరు మనకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఒంగోలు వైపు వారికి కొత్తపట్నం, సింగరాయకొండ దగ్గరి పాకల ఉన్నాయి. ఆదివారం కాకుండా వారం మధ్యలో వెళితే అక్కడా ప్రశాంతంగానే ఉంటుంది, కానీ మోకాలి లోతు దాటి పిల్లలను దిగనివ్వకండి. ఇరకం మీద నాకు కోపం లేదు. జనవరిలో, నీరు నిండుగా ఉన్నప్పుడు, ఉదయం వెళ్లి సాయంత్రానికి వచ్చేందుకు అది చక్కని చోటు.

ఫిర్యాదు చేసి మూడు వారాలయింది, ఇంతవరకు ఒక్క రూపాయి తిరిగి రాలేదు. వస్తే ఆ సంగతి కూడా రాస్తాను.