వ్యాసం నేర్చుకోవడం: గైడు బట్టీ పట్టాలా, నమూనాను విప్పి చూడాలా?

పదో తరగతి తెలుగులో వివరణాత్మక వ్యాసం అనగానే చాలామంది పిల్లలు గైడు తెరుస్తారు. పరీక్ష ముందు రోజు టెన్షన్‌లో అదే సులువు. తెలిసిన ప్రశ్న వస్తే మార్కులూ పడతాయి. కానీ ‘ఇంకుడు గుంతలు’ కంఠస్థం చేసినవాడికి ‘చెరువుల పూడికతీత’ ఇస్తే కలం ఆగిపోతుంది.

రెండో దారి, మంచి వ్యాసం ఒకటి తీసుకుని విప్పి చూడటం. ఇంకుడు గుంత మీదే అనుకుందాం. మొదటి పేరా అదేమిటో చెబుతుంది. రెండోది పనితీరు: అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక, వాన నీరు వాటి గుండా నేలలోకి దిగుతుంది. తర్వాత ఫలితం, భూగర్భ జలం పెరగడం. ‘అందువల్ల’, ‘దీంతో’, ‘లేకపోతే’ లాంటి మాటల కింద గీత గీయిస్తే కారణం ఎక్కడుందో, ఫలితం ఎక్కడుందో పిల్లలకే కనిపిస్తుంది. అదే అమరికతో పూడికతీత మీద సొంతంగా రాయించాలి. మొదటి ప్రతి వంకరగానే వస్తుంది, రానివ్వండి.

ఇన్ని ప్రతులు దిద్దడం టీచరుకు కష్టమే. ఒకరిది ఒకరు చదివి, ‘ఎందుకు?’ అని అనుమానం వచ్చిన చోట గుర్తు పెట్టమంటే కొంత భారం తగ్గుతుంది. బట్టీ వద్దని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005లోనే చెప్పింది. నా ఓటు రెండోదానికే. గైడు ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు, అందులోని వ్యాసాన్నీ ఇలాగే విప్పి చూడొచ్చు.