రెండు మిక్సర్లు, ఒక్క హాలు: చర్చి సౌండులో మూడేళ్ళ వాడకం తర్వాత

మెయిన్ బోర్డు యమహా ఎంజీ16ఎక్స్‌యూ, దానికి సబ్ బోర్డుగా (అదనపు మిక్సరుగా) ఎంజీ12ఎక్స్‌యూ. సుమారు 350 మంది కూర్చునే చర్చి హాల్లో ఈ జత మూడేళ్ళుగా నడుస్తోంది. ఆదివారం రెండు ఆరాధనలు, వారం మధ్యలో ఉపవాస ప్రార్థన, డిసెంబరు వస్తే రోజూ క్వయర్ ప్రాక్టీసు. ఈ సమీక్షలో బోర్డుల సంగతి కొంచెమే, రెండింటినీ కలపడం గురించే ఎక్కువ. బోర్డులు ఎంత మంచివైనా కలిపిన తీరు తేడాగా ఉంటే హాల్లో వినపడేది గుంయ్‌మనే హమ్ము, లేదంటే పగిలిన సౌండు.

ముందు లెక్క చూడండి. ఎంజీ16ఎక్స్‌యూ పేరుకు 16 ఛానెళ్ళు, కానీ మైకులు పట్టేది పదే. ప్రసంగ వేదిక మైకు, రెండు కార్డ్‌లెస్‌లు, పాట నడిపించేవాళ్ళకి రెండు, క్వయర్‌కి నాలుగు పెడితే తొమ్మిది అయిపోయాయి. డోలక్, తబలా, బేస్ గిటార్, అకౌస్టిక్ గిటార్, కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ల్యాప్‌టాప్ ఇంకా బయటే ఉన్నాయి. ఎంజీ12ఎక్స్‌యూ మరో ఆరు మైకులు ఇస్తుంది. సబ్ బోర్డు అవుట్‌ని మెయిన్‌లో మైక్ పిన్ను లేని చివరి స్టీరియో లైన్ ఛానెల్‌లోకి తెస్తే మెయిన్‌లో ఒక్క మైకు కూడా పోదు. అప్పుడు మొత్తం 16 మైకులు. చిన్న, మధ్యరకం సంఘానికి ఇది చాలు.

ఎక్కువ చోట్ల కనిపించే తప్పు ఒకటుంది. సబ్ బోర్డులో కానన్ (మైకు వైరుకుండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్ఆర్) అవుట్ ఉంది, మెయిన్‌లో కానన్ ఇన్ ఉంది, మైకు వైరు చేతిలోనే ఉంది. తీసి గుచ్చేస్తారు. పిన్ను సరిపోయింది కదా అనుకుంటారు, లెవెలే సరిపోదు. బోర్డు అవుట్ నామినల్ (మామూలు) లెవెల్ +4 డీబీయూ (సిగ్నల్ బలాన్ని కొలిచే యూనిట్), అంటే 1.23 వోల్టులు. మైకు నుంచి వచ్చేది మైనస్ 50 డీబీయూ దగ్గర, రెండున్నర మిల్లీవోల్టులు. సుమారు 500 రెట్ల తేడా. గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబు) పూర్తిగా తగ్గించి, 26 డీబీ ప్యాడ్ (సిగ్నల్‌ని తగ్గించే బటన్) నొక్కితే ఎలాగో నెట్టుకురావచ్చు. ఎవరైనా ఆ ప్యాడ్ తీసేసిన రోజు మాత్రం పాట మొదలవగానే, సౌండు హద్దు దాటిందని చెప్పే పీక్ లైటు వెలిగి ఆరదు.

కానన్‌లోకి పెట్టకపోవడానికి రెండో కారణం ఫాంటమ్, అంటే కండెన్సర్ మైకులు పనిచేయడానికి బోర్డు మైకు వైరులోనే పంపే 48 వోల్టుల కరెంటు. ఎంజీ బోర్డుల్లో 48 వోల్టుల బటన్ అన్ని మైక్ పిన్నులకీ కలిపి ఒక్కటే. క్వయర్ కండెన్సర్ మైకుల కోసం అది నొక్కితే, సబ్ బోర్డు అవుట్‌పుట్ మీదకి కూడా 48 వోల్టులు వెళ్తాయి. అన్ని అవుట్‌పుట్ సర్క్యూట్లూ దాన్ని తట్టుకోవు. పి38 (గిటార్ వైరుకుండే పావు అంగుళం జాక్) లైన్ పిన్నుకి ఫాంటమ్ రాదు కాబట్టి లింకు అక్కడే ఇవ్వాలి.

కేబులు తయారీ ఇలా. సబ్ వైపు కానన్ ఆడ పిన్ను, మెయిన్ వైపు పి38 స్టీరియో పిన్ను. కానన్‌లో 2వ నంబరు పి38 కొనకి, 3వ నంబరు మధ్య రింగుకి, 1వ నంబరు కింది మొదలుకి. ఎడమకొకటి, కుడికొకటి, మొత్తం రెండు కేబుళ్ళు. షీల్డ్ తీగని (లోపలి తీగల చుట్టూ ఉండే అల్లికని) మెలితిప్పి, ముందే టిన్ను పట్టించి, ఆ తర్వాతే పిన్నుకి అతికించండి. పి38 మొదలు దగ్గర షీల్డ్ వెంట్రుక ఒకటి లేచి రింగుకి తగిలితే ఆ వైపు సౌండు సగానికి పడిపోతుంది, పైగా కేబులు కదిలించినప్పుడల్లా వచ్చి పోతుంది. మల్టీమీటరు లేకపోతే దీన్ని పట్టుకోవడానికి ఒక పూట పడుతుంది.

ఇంకొక మెలిక. స్టీరియో ఛానెళ్ళ లైన్ ఇన్‌పుట్ అన్ని బోర్డుల్లోనూ బ్యాలెన్స్‌డ్ (సిగ్నల్‌ని రెండు తీగల్లో ఎదురెదురుగా పంపి బయటి గోలని కొట్టేసే పద్ధతి) కాదు. మాన్యువల్‌లో అన్‌బ్యాలెన్స్‌డ్ అని ఉంటే పి38 మోనో పిన్ను వాడి, కేబుల్‌ని మూడు మీటర్లలోపు ఉంచాలి. 3వ నంబరుని ఏం చేయాలో సబ్ బోర్డు మాన్యువల్ చూసే తేల్చుకోండి. కొన్ని అవుట్‌పుట్‌లకి దాన్ని గ్రౌండ్‌కి కలపాలి, కొన్నింటికి వదిలేయాలి. సబ్ బోర్డు స్టేజీ మీద ఉండి లింకు 15, 20 మీటర్లు వెళ్ళాల్సి వస్తే స్టీరియో ఛానెల్ వదిలేసి, మోనో ఛానెళ్ళ బ్యాలెన్స్‌డ్ లైన్ ఇన్‌పుట్లు రెండు వాడటం మేలు. రెండు మైకులు పోతాయి కానీ సౌండు శుభ్రంగా ఉంటుంది.

లెవెల్ కట్టడానికి చెవి కంటే టోన్ నమ్మదగ్గది. ఫోన్‌లో 1000 హెర్ట్జ్ టోన్ పెట్టి సబ్ బోర్డులోకి ఇవ్వండి. సబ్ ఛానెల్ ఫేడర్ (పైకీ కిందికీ జరిపే లెవెల్ మీట), మాస్టర్ ఫేడర్ రెండూ సున్నా గీత మీద ఉంచి, మీటరు సున్నా చూపేలా గెయిన్ తిప్పండి. తర్వాత మెయిన్‌లో లింకు ఛానెల్ పీఎఫ్ఎల్ (ఫేడర్‌కి ముందున్న లెవెల్ చూపించే బటన్) నొక్కి, అక్కడ కూడా మీటరు సున్నాకి తెచ్చుకోండి. ఆ చోట తెల్ల టేపు మీద గీత పెట్టండి. ఇక సబ్ మాస్టర్ జోలికి పోవద్దు. దాన్ని మైనస్ 20కి దించి, ఆ లోటుని మెయిన్ గెయిన్‌తో పూడిస్తే ప్రార్థన నిశ్శబ్దంలో ఉస్‌మనే శబ్దం పైకి తేలుతుంది. సబ్ మాస్టర్‌కి అడ్డంగా టేపు వేసి పెట్టడం మోటుగా కనిపించినా, మూడేళ్ళలో ఎక్కువ పనికొచ్చింది అదే.

ఇక దేన్ని ఏ బోర్డులో పెట్టాలి? ఈ జత బాగుందనిపించేదీ, విసుగు పుట్టించేదీ ఇక్కడే. వాద్యాలన్నీ సబ్‌లో పెడితే ప్రసంగం మొదలవగానే ఒక్క ఫేడర్ దించితే చాలు, డోలక్ మైకు, గిటార్ అన్నీ ఆగిపోతాయి. సాక్ష్యం చెప్పేటప్పుడు వెనక కీబోర్డు మెల్లగా కావాలంటే అదే ఫేడర్ కొంచెం ఎత్తితే సరి. ప్రసంగం మైకు, కార్డ్‌లెస్‌లు, పాట నడిపించేవాళ్ళ మైకులు మెయిన్‌లోనే ఉండాలి. ఆరాధన మధ్యలో చెయ్యి ఎక్కువసార్లు వెళ్ళేది వాటి మీదకే. గుడ్ ఫ్రైడే రోజు ఏడు మాటలకి ఏడుగురు మారుతుంటే ఒక్కొక్కరి గొంతుకీ గెయిన్ సర్దాలి. ఆ పని సబ్ బోర్డులో చేస్తూ మెయిన్ మీటరు చూడాలంటే తల అటూ ఇటూ తిప్పడమే సరిపోతుంది. క్వయర్‌ని సబ్‌లో పెట్టి చూస్తే పాట బాగానే వచ్చింది, మానిటర్ (స్టేజీ మీద పాడేవాళ్ళకి వినిపించే స్పీకరు) మాత్రం చేతికి చిక్కలేదు.

మానిటర్ చిక్కు ఏమిటంటే సబ్ బోర్డులోని ఆక్స్‌కి (మానిటర్లకి వేరే మిక్సు పంపే లైనుకి) మెయిన్ బోర్డులోని ఆక్స్‌తో సంబంధం లేదు. మెయిన్‌కి చేరేసరికి వాద్యాలన్నీ ఒకే ముద్ద. పాడేవాళ్ళు ‘కీబోర్డు ఒక్కటే ఎక్కువ కావాలి’ అంటే మెయిన్ ఆక్స్ తిప్పినప్పుడు డోలక్ కూడా కలిసి లేస్తుంది. దీనికి మందు ఇంకొక కేబులు. సబ్ బోర్డు ఆక్స్ 1ని ప్రీ-ఫేడర్‌గా (ఫేడర్‌తో సంబంధం లేకుండా) పెట్టి, దాని అవుట్ మెయిన్‌లో మిగిలిన స్టీరియో లైన్ ఛానెల్ ఎడమ పిన్నుకి ఇవ్వాలి. ఆ ఛానెల్‌లో స్టీరియో బటన్ (హాలు స్పీకర్లకి పంపేది), గ్రూప్ బటన్లు (కొన్ని ఛానెళ్ళని కలిపి ఒకే ఫేడర్ కిందకి పంపేవి) ఏవీ నొక్కకూడదు. మానిటర్‌కి వెళ్ళే ఆక్స్ మాత్రం ప్రీలో ఉంచి ఎత్తాలి. ఇప్పుడు సబ్‌లో కీబోర్డు ఆక్స్ 1 పెంచితే కీబోర్డు ఒక్కటే మానిటర్‌లోకి వెళ్తుంది. స్టీరియో బటన్ పొరపాటున నొక్కితే అదే కీబోర్డు రెండు దారుల్లో హాల్లోకి వస్తుంది. ఒక లోపం మిగిలే ఉంది: ప్రీ కాబట్టి వాద్యాల ఫేడర్ దించినా స్టేజీ మానిటర్లో అవి మోగుతూనే ఉంటాయి. ప్రసంగం ముందు ఆ ఆక్స్ నాబు కూడా తగ్గించాలి. కొత్త కుర్రాళ్ళు మరిచిపోయేది దీన్నే.

రెండు దారుల గొడవ ఇంకోచోట కూడా వస్తుంది. లింకు ఛానెల్‌కి గ్రూప్ 1-2, స్టీరియో రెండూ నొక్కి, ఆ గ్రూప్‌ని మళ్ళీ స్టీరియోకి పంపితే, ఫేడర్లు సమంగా ఉన్నచోట లెవెల్ 6 డీబీ పెరుగుతుంది. వాద్యాలు ఎందుకు గొంతుని మింగేస్తున్నాయో అంతుపట్టదు. ఇంతకంటే ప్రమాదం లూపు: రికార్డింగ్ కోసమో, ల్యాప్‌టాప్ కోసమో మెయిన్ అవుట్‌ని సబ్ ఛానెల్‌లోకి తెచ్చి, ఆ ఫేడర్ ఎత్తితే మైకు లేకుండానే కూత పెడుతుంది. మైకు కూత అయితే మైకు తిప్పేస్తే ఆగుతుంది. దీనికి ఆ ఫేడర్ దించాల్సిందే, అదెక్కడుందో వెతికేలోగా హారన్ యూనిట్లు (బాక్సుల్లో సన్నటి సౌండు ఇచ్చే భాగాలు) కాలిపోవచ్చు.

ప్రతిధ్వని విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. లింకు ఛానెల్‌కి మెయిన్ రివర్బ్ ఇవ్వొద్దు, డోలక్ దెబ్బలన్నీ కలిసి బావిలోంచి వచ్చినట్టుంటాయి. సబ్‌లో దాని ఎస్పీఎక్స్ (బోర్డులోనే ఉండే యమహా ఎఫెక్టుల భాగం) ఉంది కదా, అవసరమైన ఛానెల్‌కి అక్కడే ఇచ్చుకోండి.

హమ్ము గురించి. రెండు బోర్డులు వేర్వేరు ప్లగ్గుల్లో, అదీ ఒకటి స్టేజీ మీద, ఒకటి వెనక గోడ దగ్గర ఉంటే లింకు షీల్డ్ ద్వారా ఎర్త్ లూపు (ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడడం) పడుతుంది. 50, 100 హెర్ట్జ్‌ల గుంయ్ అక్కడిదే. పరీక్ష తేలిక: లింకు పీకితే హమ్ము ఆగిందంటే లూపే. ఆగకపోతే మెయిన్ దగ్గరే వెతకాలి, తరచుగా దొరికేది ల్యాప్‌టాప్ ఛార్జరు. లూపు అయితే మొదట రెండు బోర్డులనీ ఒకే త్రీ-పిన్ ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి తెండి. సగం కేసులు అక్కడే తీరతాయి. దూరం వల్ల కుదరకపోతే 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు (సిగ్నల్‌ని పంపుతూనే ఎర్త్‌ని విడదీసేది) ప్రతి లైనుకీ ఒకటి పెట్టండి. బ్యాలెన్స్‌డ్ లింకు అయితే మెయిన్ వైపు పిన్నులో షీల్డ్ ఒక్కటి విప్పి చూడొచ్చు. ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం తీయొద్దు. ఎలక్ట్రీషియన్ సలహా ఇచ్చినా సరే తీయొద్దు. అది తీస్తే హమ్ము పోవచ్చు, కానీ ఏదైనా లీకేజీ ఉన్న రోజు మైకు పట్టుకున్నవాళ్ళ మీదకే వస్తుంది.

ఆన్ చేసే వరుస: కీబోర్డు, రిథమ్ ప్యాడ్, తర్వాత సబ్, తర్వాత మెయిన్, అన్నిటికంటే చివర ఆంప్లిఫయర్లు. ఆపేటప్పుడు ఆంప్లిఫయర్లు ముందు. వరుస తప్పితే బాక్సుల్లో ధబ్‌మని వినపడేది సబ్ బోర్డు ఆన్ అయిన దెబ్బే.

మూడేళ్ళలో అరిగింది ఏమిటంటే, బోర్డులు కాదు, పిన్నులు. లింకు పి38లు ఒక్కసారి పెట్టి కదపకుండా వదిలేస్తే, తేమకి తుప్పు పొర పట్టి ఒక వైపు సన్నగిల్లుతుంది. మూడు నెలలకోసారి పీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాలుగైదుసార్లు గుచ్చి తీస్తే మళ్ళీ మామూలే. ఫేడర్లకి దుమ్మే శత్రువు, బోర్డు మీద గుడ్డ కప్పడం మానకండి. ఇంకో చిన్న చికాకు హెడ్‌ఫోన్: సబ్‌లో పీఎఫ్ఎల్ నొక్కితే మెయిన్ హెడ్‌ఫోన్‌లో వినపడదు. సబ్‌కి వేరే హెడ్‌ఫోన్ పెట్టేయడమే మార్గం.

కొత్తగా కొనాలనుకునేవాళ్ళకి: చర్చిలో ఇప్పటికే ఒక బోర్డు ఉండి, మానిటర్లు ఒకటి రెండు దాటకపోతే రెండోది కలుపుకోవడం లాభమే. రెండూ కొత్తగా కొనే పరిస్థితిలో మాత్రం ఈ దారి వద్దు. నాలుగు మానిటర్ మిక్సులు, లైవ్ స్ట్రీమ్‌కి వేరే మిక్సు కావాలంటే బెరింజర్ ఎక్స్32 లాంటి డిజిటల్ బోర్డు చూడండి. అందులో 32 మైక్ ప్రీఆంప్‌లు (మైకు సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్లు) బోర్డు వెనకే ఉంటాయి, ఏ ఛానెల్‌నైనా ఏ మానిటర్‌కైనా పంపొచ్చు, లింకు కేబులు గొడవే ఉండదు. అప్పటిదాకా ఈ జతతోనే నడిపేవాళ్ళు లింకు కేబుళ్ళు రెండు అదనంగా చేయించి, ఎడమ, కుడి అని రాసి, బోర్డు పెట్టెలోనే పెట్టుకోండి. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి పి38 పిన్ను అమ్మే దుకాణం తెరిచి ఉండదు.