మళ్లీ గాలం పట్టాక: హైదరాబాద్ చుట్టూ చూసిన జలాశయాలు, బసలు

కృష్ణా డెల్టాలో కాలువ గట్టు మీద వెదురు కర్రకు దారం కట్టి పరిగెలు పట్టడం చిన్నప్పుడే వచ్చిన విద్య అయినా, హైదరాబాద్‌లో స్థిరపడి నడివయసులో మళ్లీ గాలం పట్టేవాడికి అందులో చాలా భాగం అక్కరకు రాదు. పారే కాలువలో నీరే ఎరను చేప దగ్గరకు తీసుకెళ్తుంది. నిలిచిన జలాశయంలో చేప ఎక్కడ, ఎంత లోతున మేస్తోందో మనమే కనిపెట్టాలి, అంత దూరం ఎర విసరాలి, రీలు తిప్పడం నేర్చుకోవాలి. అందుకే వెళ్లివచ్చిన చోట్లను పడిన చేపల లెక్కతో కాక, కొత్తవాడు కుదురుగా కూర్చుని నేర్చుకోవడానికి ఏది అనువుగా ఉందన్న దృష్టితో బేరీజు వేస్తున్నాను.

అన్నింటిలోకీ నా మనసు హిమాయత్‌సాగర్ వైపే మొగ్గుతుంది. 1908 నాటి మూసీ వరదల దరిమిలా నగరానికి రక్షణగానూ తాగునీటి కోసమూ కట్టిన జంట జలాశయాల్లో ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తికాగా, ఈసీ నది మీద ఇది 1927లో పూర్తయింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉండడంతో తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదరకముందే ఇల్లు చేరవచ్చు. అయితే దీని అసలు విలువ ఒడ్డున దొరికే మనుషుల్లో ఉంది. పుట్టి మీద వల వేసి తిరిగివచ్చిన ఒక పెద్దాయన, చేప తగిలిందని తెలిపేందుకు దారానికి కట్టి నీటిపై తేలనిచ్చే నా బెండు కేసి కాసేపు చూసి, "గంత పైన ఉంటే తినదు సారూ, గుండు అడుగుకు తాకాలె" అన్నారు. బెండును దారం మీద పైకి జరిపి, సీసపు గుండు అడుగున ఆనేటట్టు ఆయనే సరిచేశారు. బొచ్చె పైనీటిలో, రోహు నడిమి నీటిలో, మోసు అడుగున మేస్తాయని చదివి తెలుసుకోవడం వేరు, ఆ లోతుకు గాలం అమర్చడం చేతికి రావడం వేరు. ఆ తర్వాత బెండు సన్నగా వణకడం, ఒక పక్కకు జారిపోవడం, ఉన్నట్టుండి నిలువుగా మునగడం మధ్య తేడా నాకు కనిపించసాగింది.

ఇక్కడ సౌకర్యాలు ఏమీ ఉండవు. నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఏవీ ఉండవని ముందే సిద్ధపడి వెళ్లాలి. వేసవిలో నీరు వెనక్కి పోయినచోట పైకి ఆరినట్టు కనిపించే బురదలో మోకాలి లోతు దిగబడే ప్రమాదం ఉంది కాబట్టి, స్థానికులు నడిచిన దారి తప్పకూడదు. వానాకాలంలో గేట్లు ఎత్తే రోజుల్లో అటు వెళ్లనే కూడదు. చెరువులు, జలాశయాల్లో చేపల మీద బతికేది మత్స్యకార సహకార సంఘాల సభ్యులు. చేప పిల్లలు పెరిగిన నీరు వారి జీవనాధారం. ఎక్కడైనా సరే, కూర్చునే ముందు సంఘం వారిని అడగడం కనీస మర్యాద.

డబ్బు చెల్లించి గాలం వేసుకునే ప్రైవేటు చెరువులు నగర శివార్లలో ఉన్నాయి. నేను చూసిన ఒకదానిలో గంటల లెక్కన రుసుము తీసుకుని, పట్టిన చేపకు కిలోల లెక్కన విడిగా వసూలు చేశారు. అద్దెకిచ్చిన రాడ్డు మీద దారం పాతబడి, కాస్త బలంగా లాగగానే తెగిపోయింది. అయినా మొదటి పాఠాలకు ఇలాంటి చోటును నేను తీసిపారేయను. చేప తరచుగా తగులుతుంది కాబట్టి, ఎప్పుడు లాగాలో, ఎంత వదలాలో త్వరగా తెలుస్తుంది. సొంత రాడ్డు, రీలు తీసుకెళ్లనిచ్చే చోటునే ఎంచుకోవాలి. గాలపు ముడి కూడా అక్కడే చేయి తిరిగేదాకా వేసి చూడాలి: దారం కొసను గాలం కన్నులో దూర్చి, అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పి, కన్ను పక్కన ఏర్పడిన సందులోంచి వెనక్కి తెచ్చి, తడిపి మెల్లగా బిగించాలి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి నైలాను దెబ్బతిని, చేప బరువు పడినప్పుడు అక్కడే తెగుతుంది.

వికారాబాద్ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని కోట్‌పల్లి జలాశయం అందమైనదే గాని, కయాకింగ్ కోసం వచ్చేవారి సందడి వల్ల శని, ఆదివారాల్లో గాలానికి పనికిరాదు. మామూలు రోజున, పడవలు తిరగని వైపు, అనుమతి అడిగి కూర్చోవాలి. రాత్రి బసకు మూసీ పుట్టిన అనంతగిరి కొండల్లోని పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు నాకు నచ్చింది. చెట్ల నడుమ ఉండడం వల్ల గాలం మీద ఆసక్తి లేని ఇంటివారికీ పొద్దు పోతుంది. అదే ప్రాంతంలో చేపల వేట ఉందని ప్రకటించుకున్న ఒక ప్రైవేటు రిసార్టులో మాత్రం, ఎక్కువ అద్దె తీసుకుని చూపించినది మోకాలి లోతు నీటి గుంట. గది ఖాయం చేసుకునే ముందు చెరువు ఫొటో, అందులో వదిలిన చేపల రకం అడిగి తెలుసుకోవడం మంచిది.

నాగార్జునసాగర్ సంగతి వేరు. సుమారు 150 కిలోమీటర్ల ప్రయాణం, విశాలమైన లోతు నీరు, దారాన్ని పక్కకు నెట్టేసే గాలి, జారే బండలు, పైగా ఆనకట్ట పరిసరాల్లో భద్రతా ఆంక్షలు కలిసి కొత్తవాడికి దీన్ని కష్టతరం చేస్తాయి. పర్యాటక శాఖ బస అయిన విజయవిహార్‌లో దిగి, లాంచీలో నాగార్జునకొండకు వెళ్లి, 2022లో ప్రారంభమైన బౌద్ధ వారసత్వ ఉద్యానం బుద్ధవనం చూసి, ఊళ్లో చేపల పులుసు తిని రావడానికి మాత్రం ఇంతకు మించిన చోటు లేదు. రాడ్డును ఇంట్లోనే ఉంచి వెళ్లమని నా సలహా.

మంజీరా అభయారణ్యం వైపు గాలంతో అసలు వెళ్లకూడదు. అది మొసళ్లకూ పక్షులకూ రక్షిత ప్రాంతం. హుస్సేన్‌సాగర్‌లో చేప పడినా, ఆ నీటి కాలుష్యం దృష్ట్యా, తినడం మానుకోవాలి.

తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను మీద ఆశ అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. అయితే వానలు మొదలయ్యాక నీటి పైన ఎర్రెర్రని పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తే, కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. అప్పుడవి దగ్గరకొచ్చిన దేనినైనా తరిమి కరుస్తాయి కాబట్టి పట్టడం సులువు. పెద్దవాటిని తీసేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. ఆ గుంపు కనబడ్డ చోట గాలం తీసేసి మరో పక్కకు జరగాలి. తెగిన దారం ముక్కలు కొంగల, నీటికాకుల కాళ్లకు చుట్టుకుంటాయి కనుక, వాటిని వేసుకోవడానికి మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి సంచిలో పెట్టుకోవాలి.