సౌండ్ ప్యానెళ్లన్నాడు, స్పాంజి అంటించి పోయాడు

వాట్సాప్ స్టేటస్‌లో రోజూ "ఎకో మాయం" అని వీడియోలు పెడతాడే, హాళ్లలో మోత తగ్గించే సౌండ్ ప్యానెళ్లు గోడలకి బిగించేవాడు, ఆయన గురించే. ఎవరైనా అడ్వాన్స్ ఇవ్వబోతుంటే ఆగండి.

మాది కోనసీమలో బ్రిటిష్ కాలం నాటి బడి. సున్నపు గోడలు, ఎత్తయిన కప్పు. హాల్లో మైకు పట్టుకుంటే మూడో వరసకే మాట ముద్దయిపోతుంది. పూర్వ విద్యార్థులం చందాలు వేసుకున్నాం. అందరికంటే తక్కువ కొటేషన్ ఈయనదే, మా తెలివికి దండ వేయాలి.

కాగితం మీద రాసింది 50 మిల్లీమీటర్ల రాక్‌వుల్ (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి నార) ప్యానెళ్లు, గుడ్డ కప్పి, చెక్క ఫ్రేముల్లో. వచ్చింది కోడిగుడ్ల అట్టలాంటి నల్ల స్పాంజి, అంగుళం మందం. అంత పలచటిది సన్నని శబ్దాలనే పీలుస్తుంది. అందుకే ఇప్పుడు మాటలో స్పష్టత పోయింది, గుంయ్‌మనడం మాత్రం అలాగే ఉంది. అసలు లెక్కే తప్పు. హాలు 1200 ఘనపు మీటర్లు. శబ్దం ఒక్క సెకనులో అణగాలంటే సబీన్ సూత్రం (గదిలో మోత ఎంతసేపు ఉంటుందో లెక్కగట్టేది) ప్రకారం ఆ ఘనపు మీటర్లని 0.161తో గుణించాలి, అంటే పడిన శబ్దాన్నంతా పీల్చేసే తలం దాదాపు 193 చదరపు మీటర్లు ఉన్నంత శక్తి కావాలి. ఈయన అంటించింది మొత్తం 40 చదరపు మీటర్లు.

సరే, అదీ ఓర్చుకునేవాళ్లమే. "నిప్పంటుకోదండి, గ్యారంటీ" అన్నాడు కదా అని మిగిలిన ముక్క ఒకటి పెరట్లోకి తీసుకెళ్లి, ఆయన ముందే అగ్గిపుల్ల గీశాను. భగ్గుమంది. నల్లటి పొగ, మండుతూనే బొట్లు బొట్లుగా కారుతోంది. ఆయన చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, "బళ్లో అగ్గిపుల్లలు గీసుకుంటారేంటండీ మీరు?" అన్నాడు. వెంట వచ్చిన కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. "అండీ" మాత్రం మర్చిపోలేదు, గోదావరి జిల్లా మర్యాద మరి! 2004లో తమిళనాడు కుంభకోణంలోని బడిలో 94 మంది పిల్లలు మంటల్లో పోయారు. అక్కడా ఎవరూ సరదాకి అగ్గిపుల్ల గీయలేదు.

పీకించేద్దామంటే బంకతో పాటు సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోంది. మిగతా డబ్బు కోసం ఆయన ఫోన్ మీద ఫోన్.

కొనేవాళ్లు సరుకు పేరు, మందం, సాంద్రత బిల్లు మీద రాయించుకోండి. ఫైర్ టెస్ట్ రిపోర్ట్ చూపించమనండి. సున్నపు గోడకి బంక పూయనివ్వకండి, ఫ్రేములు స్క్రూలతో బిగించమనండి. ఆ అగ్గిపుల్లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే, ఆరుబయట గీయండి.